టోపీ పెట్టింది ఎవరికి?

నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. మధ్యలో ఒక బొమ్మ. టోపీ ఉంది, కళ్ళజోడు ఉంది, మొహం లేదు. అద్దె పుస్తకాల షాపులో దొరికే పాత డిటెక్టివ్ నవల అట్ట మీంచి దిగివచ్చినట్టుంటాడు. మీరు అజ్ఞాతంలోకి వెళ్ళారని కింద ఒక అభయం. ఎంత ధైర్యం వస్తుందో! ఇక మనల్ని చూసేదెవడు?

ఎవడేమిటి, అందరూనూ.

ఆ కిటికీ చేసే పని ఒక్కటే. మూయగానే మరిచిపోతుంది. ఏ సైటుకి వెళ్ళారో, ఏం వెతికారో మీ ఫోనులో మిగలదు. భార్యకో, భర్తకో, పక్క మంచం మీది రూమ్మేటుకో కనపడదు. అంతవరకే. ఎవరింటికి వెళ్ళివచ్చారో మీ డైరీలో రాసుకోలేదు, సరే. ఆ ఇంటివాడు తన రిజిస్టరులో రాసుకోడా? దారి వేసిన ఇంటర్‌నెట్ కంపెనీ చూడదా? ఆఫీసు వైఫై మీద వెళ్ళితే ఆఫీసు ఊరుకుంటుందా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పిల్లి పాపం కళ్ళు మూసుకోలేదు. గంతలు కట్టి ‘ఎవరూ చూడట్లేదు, తాగమ్మా’ అన్నవాడే పాలవాడు.

2008లో గూగుల్ బ్రౌజరు క్రోమ్ పుట్టినప్పటి నుంచీ ఉందీ ఇన్‌కాగ్నిటో టోపీ. తెలుగులో ‘టోపీ పెట్టడం’ అంటే ఏమిటో ఆ కాలిఫోర్నియా కుర్రాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. లేక చెప్పాకే పెట్టారా?

మొన్నొక రాత్రి మా ఇంట్లో పెద్దావిడ రిపోర్టులో ఒక మాట అర్థం కాలేదు. పదకొండు దాటింది. డాక్టరుకు ఫోన్ చేసే వేళ కాదు. హిస్టరీలో ఆ జబ్బు పేరు కనపడితే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారని టోపీ కిటికీ తెరిచాను. ఒక ఆరోగ్య సైటు దొరికింది. రెండు వాక్యాలు చదివానో లేదో తెర మసకబారింది. తమరు ప్రైవేట్ మోడ్‌లో ఉన్నట్టు కనిపెట్టామండీ, మిగతాది చదవాలంటే ఖాతా తెరవండీ అని సందేశం. పేరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ. జబ్బు సంగతి అడిగితే పుట్టినరోజు అడుగుతాడేం? కేకు పంపిస్తాడా?

ఇంతకీ వాడికెలా తెలిసింది? నేను చెప్పలేదు. కిటికీ చెప్పింది.

మామూలుగా మీరు ఒక సైటు తెరిస్తే, సామాను పెట్టుకొమ్మని బ్రౌజరు దానికి మీ ఫోనులో ఒక గది ఇస్తుంది. ప్రైవేట్ కిటికీలో ఆ గది ఇవ్వదు. ఇచ్చినా ఇరుకు గది ఇస్తుంది. సైటు గడుసుది. లోపలికి రాగానే టేపు తీసి గది కొలుస్తుంది. సఫారీ ప్రైవేట్ కిటికీలో చాలా ఏళ్ళు ఆ కొలత సున్నా. గుండుసూది పెట్టబోయినా చోటు లేదని అరిచేది. ఫైర్‌ఫాక్స్‌లో ఇండెక్స్‌డ్ డీబీ అనే బీరువా 2023 దాకా ప్రైవేట్ కిటికీలో తెరుచుకునేదే కాదు. క్రోమ్‌లో ఫైల్ సిస్టమ్ అనే తలుపు మూసి ఉండేది. సైటు తట్టి చూసేది. తియ్యకపోతే, ‘ఓహో, అయ్యగారు ముసుగులో వచ్చారు’ అని తేల్చేసేది. నాలుగు లైన్ల కోడు చాలు. పెట్టే బేడా లేకుండా అద్దెకు దిగినవాణ్ణి ఇంటి ఓనరు ఎగాదిగా చూడడా?

ఈ తలుపు తట్టే విద్యలో పత్రికలు ఆరితేరాయి. నెలకు నాలుగైదు వ్యాసాలు ఉచితం, ఆపైన చందా కట్టాలి. ఆ లెక్క కుకీలో ఉంటుంది. ప్రైవేట్ కిటికీ కుకీని మరిచిపోతుంది గనక లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అమెరికాలో బోస్టన్ గ్లోబ్ 2017లోనే ముసుగు వేసుకొచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపేసింది. లాగిన్ అయితేనే లోపలికి అంది. నేనూ రాసుకు బతికేవాణ్ణే. పాఠకుడు డబ్బివ్వకపోతే పొయ్యిలో పిల్లి లేవదని తెలుసు. కానీ ఆ నాలుగు లైన్ల కోడుకి వార్తలు ఊరికే చదివే పిసినారికీ, మొగుడికి తెలియకుండా గృహహింస చట్టం గురించి చదువుకునే ఇల్లాలికీ తేడా తెలుస్తుందా? ఇద్దర్నీ ఒకే కర్రతో తరుముతుంది.

సరిగ్గా ఈ మాటే గూగుల్ కూడా అంది. 2019 జులైలో. క్రోమ్ 76తో ఆ కంత పూడ్చేస్తున్నామని ప్రకటిస్తూ, ఇంట్లో హింస భరించేవాళ్ళకీ, నిరంకుశ పాలన కింద బతికేవాళ్ళకీ ఈ మరుగు ప్రాణావసరమని హితవు పలికింది. మన కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే గోడకి ఇంకో రెండు కంతలు. ప్రైవేట్ కిటికీ తన సామాను డిస్కు మీద కాక తాత్కాలిక మెమరీలో పెడుతుంది, అందుకని చోటు తక్కువ. కోటా 120 ఎంబీ దాటకపోతే ముసుగేనని ఒకరు లెక్క తేల్చారు. మెమరీలో రాత వేగంగా సాగుతుంది గనక స్టాప్‌వాచీ పెట్టినా దొరికిపోతారని ఇంకొకరు చూపించారు. గది దాచితే కొలతతో పట్టారు. కొలత దాచితే గడియారంతో పట్టారు.

పోనీ, పూడ్చినవాడి మనసైనా మంచిదేనా?

ఆ కథ కోర్టుకెక్కింది. టోపీ పెట్టుకుని తిరిగినా మా వివరాలు గూగుల్ పోగేసుకుంటోందని 2020 జూన్‌లో కాలిఫోర్నియాలో కొందరు దావా వేశారు. మన విడ్డూరాల పుట్ట అక్కడ పగిలింది. మిగతా సైట్లు ముసుగు వాసన పట్టకూడదని ధర్మోపన్యాసం దంచిన ఇంటిలోనే, పెరట్లో వాసన పట్టే కుక్క కట్టేసి ఉంది. మామూలు క్రోమ్ కిటికీ గూగుల్‌కి ఒక చిన్న చీటీ పంపుతుంది. ఎక్స్-క్లయింట్-డేటా దాని పేరు. టోపీ కిటికీ పంపదు. చీటీ రాలేదంటే టోపీ అన్నమాట! లోపలి రికార్డుల్లో దానికొక గడి కూడా ఉంది. పేరేమిటో తెలుసా? ‘మేబీ క్రోమ్ ఇన్‌కాగ్నిటో’. బహుశా టోపీవాడే కావచ్చు అని. అబ్బే, అది కచ్చితమైన లెక్క కాదండీ అని కంపెనీ నసిగింది. కచ్చితం కాకపోతే గడి ఎందుకు గీశారు, వినాయక చవితికి పద్మం పెట్టడానికా? పైగా ఆ సంగతి సకాలంలో బయటపెట్టలేదని 2022లో కోర్టు అక్షింతలు వేసింది. అవతలి లాయర్ల ఖర్చుల కింద దాదాపు 10 లక్షల డాలర్లు కట్టమంది. గూగుల్‌కి అది మధ్యాహ్నం టీ ఖర్చు.

ఇంకా వినండి. 2018లో ఆ కంపెనీ ఇంజనీరే ఒకరు, దీన్ని ఇన్‌కాగ్నిటో అనడం మానేద్దాం, ఆ గూఢచారి బొమ్మ తీసేద్దాం అని తోటివాళ్ళతో అన్నారు. 2021లో మార్కెటింగ్ పెద్దే సుందర్ పిచాయ్‌కి ఈమెయిల్ రాశారు. ఇది నిజంగా గోప్యమైనది కాదు కాబట్టి ప్రచారంలో గట్టిగా చెప్పలేక డొంకతిరుగుడుగా చెప్పాల్సి వస్తోందని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దొంగతనం గురించి మెయిళ్ళు రాసుకున్నారు!

దావా 500 కోట్ల డాలర్లకు వేశారు. 2023 డిసెంబరులో రాజీ. 2024 ఏప్రిల్‌లో షరతులు బయటకొచ్చాయి. కోట్ల కోట్ల రికార్డులు తుడిచేస్తామన్నారు. టోపీ కిటికీ మీద రాత మారుస్తామన్నారు. వాడుకరులకు ఇచ్చిన సొమ్మెంత? ఈ రాజీ కింద సున్నా. కావాలంటే ఎవరికి వారు వేరే దావా వేసుకోండి అన్నారు. వేస్తారా? మీ మేనమామ అమెరికాలో లాయరా?

కోర్టు సంగతి అలా ఉంచండి. అసలు ఎన్ని టోపీలూ, జోళ్ళూ పెట్టినా మనిషిని పట్టేసే పద్ధతి ఒకటుంది. అది మన విరాటపర్వంలోనే ఉంది. పాండవులు అజ్ఞాతవాసంలో ఉన్నారు. దుర్యోధనుడి వేగులు దేశమంతా గాలించి ఉత్త చేతులతో వచ్చారు. మొహాలు వెతికారు, దొరకలేదు. అప్పుడు భీష్ముడు ఏమన్నాడు? ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో పడతాయి, పంటలు పండుతాయి, ఆవులు నిండుగా పాలిస్తాయి, ఆ లక్షణాలున్న ఊరు వెతకండి అన్నాడు. మనవాళ్ళు వానల కోసం విరాటపర్వం చదివించారు. అవతలివాళ్ళు దాన్లోంచి వ్యాపారం లాగారు. దానికి ఫింగర్‌ప్రింటింగ్ అని పేరు. మీ మొహం అక్కర్లేదు. మీ తెర కొలత, మీ టైమ్ జోన్, మీ ఫాంట్లు, మీ భాష, మీ గ్రాఫిక్స్ కార్డు ఒక గీత గీస్తే అది ఎక్కడ ఎలా వంకర పోతుందో ఆ వంకర. అన్నీ కలిపితే మీరే. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ 4.7 లక్షల బ్రౌజర్లని పరీక్షిస్తే 83.6 శాతం దేనికదే ప్రత్యేకంగా కనిపించాయి. కుకీ లేదు, లాగిన్ లేదు, వేలిముద్ర మాత్రం పడింది. టోపీ పెట్టుకున్నా వేళ్ళు అవేగా!

దీంట్లో మనకో ప్రత్యేక సత్కారం కూడా ఉంది. డాలస్‌లో కూర్చున్న తెలుగువాడు మాతృభాష మీద మమకారంతో బ్రౌజరు తెలుగులో పెట్టుకున్నాడనుకోండి. అడుగుపెట్టిన ప్రతి సైటుకీ ‘నేను తెలుగువాణ్ణహో’ అని బ్రౌజరు చాటింపు వేస్తుంది. ఇంగ్లిష్ గుంపులో కలిసిపోయేవాడు కాస్తా ఆ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ వాళ్ళలో ఒకడవుతాడు. భాషాభిమానానికి ఇంతకన్నా బహుమానం ఏం కావాలి?

‘నా వెంట పడకండి’ అని మర్యాదగా అడిగే ఏర్పాటు లేకపోలేదు. డు నాట్ ట్రాక్. 2011 నుంచి బ్రౌజర్లు ఒక్కొక్కటీ ఆ బోర్డు తగిలించడం మొదలుపెట్టాయి. మన ప్రహరీ గోడల మీద ‘నోటీసులు అంటించరాదు’ అని రాస్తాం చూడండి. ఆ అక్షరాల మీదే కదా సినిమా పోస్టరు అంటించేది! అదే జరిగింది. ఎవడూ లెక్కచెయ్యలేదు. ఆఖరికి 2019లో ఆపిల్ ఆ బోర్డు పీకేసింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫలానావాడు వెంటపడొద్దన్నాడు అన్న సంగతి కూడా వేలిముద్రలో ఒక గీతగా పనికొస్తోందట. వద్దన్నందుకు ఇంకా బాగా గుర్తుపడుతున్నారట.

ఇక కుకీల వాయిదాలు. మన పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం రోజూ వచ్చి చదువుకుని వెళ్ళిపోయేది. మూడోపక్షం కుకీలని రెండేళ్ళలో ఎత్తేస్తామని గూగుల్ 2020 జనవరిలో రాసింది. తర్వాత 2023 అంది. తర్వాత 2024. తర్వాత 2025. ఆఖరికి 2024 జులైలో, ఎత్తెయ్యం, మీకే ఎంచుకునే అవకాశమిస్తాం అంది. 2025 ఏప్రిల్‌లో ఆ అవకాశం అడిగే పెట్టె కూడా పెట్టబోమంది. దయ్యానికైనా ఈపాటికి విసుగొచ్చేది.

వేలిముద్రల మీద మాట కూడా అంతే. 2019లో అది వాడుకరి ఇష్టాన్ని తొక్కేయడమే, తప్పు అన్నది గూగులే. 2025 ఫిబ్రవరి నుంచి ప్రకటనకర్తలు అదే పని చేసుకునేందుకు నియమాలు సడలించిందీ గూగులే. ఇది బాధ్యతారాహిత్యం అని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం మొహం మీదే అంది. మధ్యలో ఏం మారింది? తప్పు మారలేదు. తప్పు చేసేవాడి అవసరం మారింది.

అన్నీ గూగుల్ మీదే ఎందుకంటారా? 2025 జూన్‌లో స్పెయిన్, నెదర్లాండ్స్, బెల్జియం పరిశోధకులు మెటా గుట్టు రట్టు చేశారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోనులో చప్పుడు కాకుండా ఒక లోపలి తలుపు దగ్గర చెవి పెట్టుకు కూర్చునేవి. మీరు బ్రౌజరులో ఏదో సైటు తెరుస్తారు. ఆ సైటులో మెటా పిక్సెల్ అనే నలుసు ఉంటుంది. ఆ నలుసు మీ కుకీ నంబరుని అదే ఫోనులో ఉన్న యాప్ చెవిలో ఊదేది. యాప్‌కి మీ అసలు పేరు తెలుసు. పని పూర్తి. టోపీ కిటికీ తెరిచినా సరే. వంటింట్లో గుసగుస, వసారాలో చెవి. రష్యా కంపెనీ యాండెక్స్ ఇదే పని 2017 నుంచి చేస్తూ వచ్చింది. వివరాలు బయటపడ్డ రోజునే మెటా గప్‌చుప్‌గా ఆపేసింది. తప్పు కాకపోతే ఎందుకాపింది? తప్పయితే ముందురోజు దాకా ఎందుకు చేసింది?

‘మీ అనుమతి తీసుకునే చేస్తున్నాం’ అని మరో సమర్థన. ఆ అనుమతి సొగసు చూశారా? ‘ఒప్పుకుంటున్నా’ అనే బొత్తాం అరచేయంత, పచ్చగా. ‘వద్దు’ ఎక్కడ? ‘సెట్టింగులు’లోకి వెళ్ళాలి. అక్కడ ‘భాగస్వాములు’ అనాలి. వందల పేర్ల జాబితా దొర్లాలి. ఒక్కొక్కరినీ ఆపాలి. ఆఖరున ‘భద్రపరచు’ నొక్కాలి. అది నొక్కేసరికి ఏం చదవడానికి వచ్చామో మరిచిపోతాం. పెళ్ళి భోజనాల్లో విస్తరి మీద రెండు చేతులూ అడ్డుపెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించేస్తారే, అలాంటి ఆప్యాయత. ఒప్పుకోవడం ఎంత తేలికో వద్దనడం అంత తేలికగా లేదన్న నేరానికే ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. మన దగ్గర ఇదే నేరానికి ఎంత వేశారు? అడక్కండి.

మరేం చెయ్యమంటావు, ఫోను బావిలో పారెయ్యమంటావా అని మీరంటారు. అక్కర్లేదు. టోపీ కిటికీని ఇంట్లోవాళ్ళ కోసం వాడండి, దానికది చక్కగా పనికొస్తుంది. దాంట్లోకి వెళ్ళి మళ్ళీ జీమెయిల్‌లో లాగిన్ అవకండి. ముసుగు వేసుకుని విజిటింగ్ కార్డు ఇచ్చినట్టుంటుంది. లొకేషనూ, కాంటాక్టులూ అడిగే టార్చిలైటు యాప్‌ని తీసేయండి. వెలుతురుకి మీ పిన్నిగారి నంబరుతో పనేమిటి? ప్రకటనలనీ, వెంటపడే కోడునీ అడ్డుకునే యుబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోండి. క్రోమ్‌లో కాదు. భద్రత పేరు చెప్పి క్రోమ్ దాన్ని 2025 నాటికి గెంటేసింది. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా బతికే ఉంది. నిజంగా ప్రాణం మీదికొచ్చే సంగతైతే టార్ బ్రౌజరు. అది మిమ్మల్ని దాచడమే కాదు, అందరికీ ఒకే యూనిఫారం తొడుగుతుంది. ప్రార్థన వేళ బడి వరసలో వెనకనుంచి చూస్తే ఎవరి పిల్లో పోల్చుకోగలరా?

వీపీఎన్ సంగతి అడుగుతారని తెలుసు. అది కూడా నమ్మకాన్ని ఒక కంపెనీ జేబులోంచి తీసి ఇంకో కంపెనీ జేబులో పెట్టడమే. అయినా మన సర్కారువారికి ఆ కాస్త మరుగు కూడా కంటగింపయింది. వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేరు, చిరునామా, ఎందుకు వాడుతున్నారో సహా అయిదేళ్ళు దాచిపెట్టాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేసి దండం పెట్టి పోయాయి. అంతకు ముందు ఏడాది అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తెరిపించి, వాట్సాప్ చాట్లలో ‘గంజాయి’ అన్న మాట వెతకడం వీడియోల్లో అందరం చూశాం. ఆ లాఠీ ముందు ఏ బ్రౌజరు ఏ టోపీ పెడుతుంది?

గోప్యత ప్రాథమిక హక్కే కాదని సుప్రీంకోర్టులో వాదించింది మన ప్రభుత్వమే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కాదు పొమ్మన్నారు. హక్కేనన్నారు. ఇక చట్టం రావాలి. ముసాయిదా 2018లో. బిల్లు 2019లో. 2022లో ఆ బిల్లు వెనక్కి. 2023 ఆగస్టులో ఎట్టకేలకు చట్టం. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. భేష్! కానీ 17వ సెక్షన్ చదవండి. కేంద్రం తలుచుకుంటే తన సంస్థలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. చేనుకి కంచె వేశారు. కంచెకి మేసే లైసెన్సు కూడా అందులోనే రాసిచ్చారు.

చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలు మీ సమ్మతి తిన్నగా అడగాలి, అడిగిన పనికే వాడాలి, వద్దంటే తుడిచెయ్యాలి అన్న అసలు భాగం అమలుకి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. అదే చట్టంలో, సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని కత్తిరించే భాగం ఒకటుంది. ఫలానా కాంట్రాక్టరు బిల్లు చూపించండి, ఫలానా లబ్ధిదారుల జాబితా ఇవ్వండి అని మీరడిగితే, ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క ముక్కతో దరఖాస్తు తిప్పికొట్టడానికి అధికారికి దారి ఇచ్చే భాగం. దానికి గడువేమీ పెట్టలేదు. ఆ నవంబరులోనే అమలులోకి వచ్చేసింది.

మీ ఫోనులో రహస్యం 18 నెలలు ఆగాలట. సర్కారు ఫైలులో రహస్యం మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేకపోయింది.